శ్రీహరికోటకు పెద్దలు వచ్చినప్పుడు

(డయాసిస్ శతవార్షికోత్సవ సందర్భంగా రేణిగుంటలో జరిగిన కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



వాక్యం చెప్పడానికి అయ్యగార్లు ఉన్నారు గనుక, మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఏదైనా ఒక అరగంట చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉంటే, ఈ నాలుగు రోజులుగా మన వీధిలో జరుగుతున్న పనే నాకు అంశాన్ని ఇచ్చింది. గుడి ప్రహరీకి సున్నం పడింది. మూడేళ్లుగా వెలగని వీధి దీపం వెలిగింది. మురుగు కాలవ మీద బండ వేశారు. బిషప్ గారు వస్తున్నారని! బిషప్ గారు ఏడాదికి నాలుగుసార్లు వస్తే రేణిగుంట బాగుపడుతుందని మా ఇంట్లో ఆడవాళ్లు అనుకున్నారు. ఇది ఫిర్యాదు కాదు. పెద్దలు వస్తారంటే చిన్న ఊరికి ఏమవుతుంది, వచ్చి వెళ్లాక ఏం మిగులుతుంది అన్న ప్రశ్న మన అందరిదీ. దాన్ని మన జిల్లాలోనే ఉన్న ఒక చిన్న దీవిని పెట్టుకుని చెప్పుకుందామని నా ఉద్దేశం.

రేణిగుంటవాళ్లకు పెద్దలు కొత్త కాదు. కాకపోతే పెద్దలు రేణిగుంటకు రారు, రేణిగుంట మీదుగా పోతారు. ఒకప్పుడు రైలు జంక్షను మీదుగా పోయేవారు, ఇప్పుడు విమానాశ్రయం మీదుగా పోతున్నారు. ఆ విమానాశ్రయం కొత్త టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ గారు ప్రారంభించారు. పేరుకు అది తిరుపతి విమానాశ్రయం. నేల మాత్రం మనది. అక్కడ దిగిన పెద్దలలో నూటికి తొంభైమంది పడమరకు తిరిగి కొండకు వెళతారు. తక్కిన కొద్దిమందిలో కొందరు తూర్పుకు తిరిగి శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేటల మీదుగా సుమారు నూరు కిలోమీటర్లు పోయి, ఒక ఉప్పునీటి సరస్సును దాటి, సముద్రపు ఒడ్డున ఉన్న శ్రీహరికోటకు చేరుతారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అది నెల్లూరు జిల్లా, మనది చిత్తూరు జిల్లా. ఇప్పుడు రెండూ తిరుపతి జిల్లాయే. అంచేత శ్రీహరికోట కథ మన ఇంటి కథే అయింది.

చూడనివారి కోసం ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాను. పడమట పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతం. ఈ రెంటి మధ్య దారం చుట్టిన కదురులాగా, మధ్యలో లావుగా, కొసలు సన్నగా ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇసుక నేల. మన దేశంలో చిల్కా తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. చలికాలంలో అక్కడికి రాజహంసలు వేలకొద్దీ వచ్చి వాలతాయి. రోడ్డు లేని రోజుల్లో దీవికి పడవే గతి. సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా కట్ట పోసి రోడ్డు వేసిన తరువాతనే జీపులూ బస్సులూ లోపలికి పోయాయి. ఇప్పటికీ ఆ రోడ్డు మీద పోతూ ఉంటే రెండు పక్కలా నీళ్లే. ఎండాకాలంలో రెండు పక్కలా పగిలిన బురద, తెల్లగా ఉప్పు పొర.

ఆ తీరానికి పెద్దలు రావడం రాకెట్లతో మొదలు కాలేదు. దీవికి ఉత్తరాన దుగరాజపట్నం ఉన్నది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీవాళ్లు అక్కడ దిగి, స్థానిక పెద్ద ఆర్ముగం మొదలియారు సాయంతో స్థలం సంపాదించి, కోట కట్టుకున్నారు. ఆయన పేరు మీదనే ఆ ఊరిని వారు ఆర్మగాం అన్నారు. దీవికి దక్షిణాన పళవేర్కాడులో అప్పటికే డచ్చివాళ్లు కోట కట్టుకుని ఉన్నారు. అంటే మన ఈ ఏకాంతపు తీరం మీద ఇటు ఒక దొర, అటు ఒక దొర. కాని ఆర్మగాములో వ్యాపారం సాగలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే మెరుగైన చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో చెన్నపట్నం స్థలం సంపాదించాడు. తరువాత చెన్నపట్నం ఏమయిందో, దుగరాజపట్నం ఏమయిందో మీరు ఎరిగినదే. ఆ దొరలు వచ్చినప్పుడు కూడా ఊళ్లో తోరణాలు కట్టే ఉంటారు.

దొరలు వదిలి వెళ్లిన తరువాత ఈ తీరం వంక చూసిన మరొక కన్ను చెన్నపట్నపు పొయ్యిది. శ్రీహరికోట అడవిని పట్నానికి వంటచెరకు కోసం 1835లో ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నది. బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో కట్టెలు దక్షిణానికి పోయేవి. అప్పుడే అధికారుల కంటికి అడవిలో బతుకుతున్న యానాదులు కనబడ్డారు. కందమూలాలు, తేనె, చేపలు, అడవి సరుకు వాళ్ల జీవనం. ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో వాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదని పాత దొరలే రాసిపెట్టారు. ఆ మనుషులు మనకు పరాయివాళ్లు కారు. మన రేణిగుంట చుట్టుపక్కల, శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఉన్న యానాది గూడేలలోని వారూ వారూ ఒక్క జనమే, ఒక్క తెలుగే.

1969లో దేశానికి కొత్త రాకెట్ కేంద్రం కోసం వెతికినప్పుడు, డాక్టర్ విక్రం సారాభాయి నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు శ్రీహరికోటను ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారో మన పిల్లలకు తెలియడం మంచిది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే చోట ఆ వేగం ఎక్కువ. శ్రీహరికోట దగ్గర నేల గంటకు సుమారు 1600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూ ఉంటుంది. తూర్పు దిక్కుగా వదిలిన రాకెట్టుకు ఆ వేగం ఊరికే కలిసి వస్తుంది. పైగా తూర్పున ఎంత దూరం పోయినా సముద్రమే. రాకెట్టు విరిగిపడినా మనుషుల మీద పడదు. మూడో కారణం, దీవిలో జనం తక్కువ. ఈ మూడో కారణం దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను.

ఆగడానికి ముందు మిమ్మల్ని కేరళకు తీసుకుపోవాలి. తిరువనంతపురం దగ్గర తుంబ అని ఒక బెస్తవారి పల్లె. అయస్కాంత భూమధ్యరేఖ ఆ పక్కగానే పోతుంది గనుక, 1960లలో మన మొదటి రాకెట్ కేంద్రానికి ఆ చోటే కావలసి వచ్చింది. కాని అక్కడ మగ్దలేనా మరియమ్మ గారి పేరిట ఒక గుడి ఉన్నది. పక్కనే బిషప్ గారి ఇల్లు, చుట్టూ సంఘస్థుల గుడిసెలు. సారాభాయి గారు బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా గారి దగ్గరకు వెళ్లి సంగతి చెప్పారు. బిషప్ గారు అప్పటికప్పుడు అవుననలేదు, కాదనలేదు. ఆదివారం ఆరాధనకు రమ్మన్నారు. ఆ ఆదివారం సంఘం ఎదుట విషయం అంతా విప్పి చెప్పి, మీరేమంటారని అడిగారు. సంఘం ఒప్పుకున్నది. ఈ సంగతిని అబ్దుల్ కలాం గారు ఎన్నో సభల్లో చెప్పేవారు. గుడి రాకెట్ల పనిశాల అయింది, బిషప్ గారి ఇల్లు కచేరీ అయింది. ఊరివారికి వేరే చోట ఇళ్లూ గుడీ కట్టించారు. 1963 నవంబరు 21న తుంబ నుంచి మొదటి రాకెట్టు లేచింది. రాకెట్టు ముక్కును సైకిలు వెనుక కట్టుకుని పోతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. ఆ గుడి ఈనాడు అంతరిక్ష ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది.

నేను తుంబను మెచ్చుకునేది గుడి ఇచ్చినందుకు మాత్రమే కాదు. గుడి ఇచ్చే అధికారం తనకున్నా, బిషప్ గారు చేపలు పట్టుకునే మనుషుల ముందు నిలబడి అడిగారే, అందుకు. ఇక శ్రీహరికోటకు రండి. అక్కడా ఊళ్లు లేచాయి. అక్కడా గుడిసెలు విప్పారు. కేంద్రానికి 43 వేల ఎకరాలకు పైగా నేల పోయింది, సుమారు 50 కిలోమీటర్ల సముద్ర తీరం పోయింది. అడవిలో తేనె తీసుకుని బతికే మనిషికి పట్టా ఎక్కడిది? పట్టా లేనివాడికి పరిహారం ఎంత? దీవిలోని యానాదులను కూర్చోబెట్టి, తుంబలో అడిగినట్లు, మీరేమంటారని ఎవరైనా అడిగిన సభ ఒకటి జరిగినట్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ల పక్షాన నిలబడి ఆదివారం దాకా ఆగండి అనడానికి అక్కడ ఒక బిషప్ లేడు. కేంద్రం దేశానికి అవసరమే, అందులో నాకు సందేహం లేదు. ఆ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూడమని మాత్రమే మనవి.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. ఆ డిసెంబరు 30న సారాభాయి గారు పోయారు. తరువాత వచ్చినవారు ప్రొఫెసర్ సతీశ్ ధవన్. నా దృష్టిలో శ్రీహరికోటకు వచ్చిన పెద్దలలో పెద్ద ఆయనే. ఎందుకో చెబుతాను.

1979 ఆగస్టు 10న మన సొంత ఉపగ్రహ వాహనం ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి లేచింది. దాని పని యావత్తూ నడిపినవారు కలాం గారు. వాహనం పైకి పోయి, అదుపు తప్పి, ఐదు నిమిషాల పైచిలుకులో సముద్రంలో పడింది. పత్రికలవాళ్లు కాచుకుని ఉన్నారు. ధవన్ గారు తానే వాళ్ల ముందుకు వెళ్లి బాధ్యత తన మీద వేసుకుని, తన మనుషుల మీద నమ్మకం ఉందని చెప్పారు. 1980 జూలై 18న అదే వాహనం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు పత్రికలవాళ్ల ముందుకు కలాం గారిని పొమ్మన్నారు. ఇది కలాం గారే జీవితాంతం చెప్పుకున్న సంగతి. ధవన్ గారు 2002 జనవరిలో కాలం చేశారు. ఆ సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ఊళ్లో జనం ఇప్పటికీ దాన్ని షార్ అనే అంటారు, అది వేరే సంగతి.

ఇప్పుడు వరుసగా కొన్ని రాకలు చెబుతాను. 2005 మే 5న రెండో ప్రయోగ వేదిక మీది నుంచి మొదటి వాహనం, పి.ఎస్.ఎల్.వి.-సి6, లేచింది. దాన్ని చూడటానికి వచ్చి, ఆ వేదికను జాతికి అంకితం చేసినవారు రాష్ట్రపతి. ఆ రాష్ట్రపతి ఎవరు? కలాం గారు! ఇరవయ్యారేళ్ల కింద తన వాహనం ఏ సముద్రంలో పడిందో ఆ సముద్రపు ఒడ్డుకు దేశాధినేతగా వచ్చారు. ఆ రోజు గన్‌మన్లూ, ప్రోటోకాలూ, ఎర్ర తివాచీ అన్నీ ఉండే ఉంటాయి. కాని అవన్నీ తీసేసినా అక్కడ ఆయన అతిథి కాదు, ఇంటి మనిషి. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఎరిగిన మనిషి.

2012 సెప్టెంబరు 9న ప్రధాని మన్మోహన్ సింగ్ గారు వచ్చారు. అది ఆదివారం ఉదయం. మన గుళ్లలో మొదటి ఆరాధన నడిచే వేళకు అక్కడ అంతరిక్ష సంస్థ వారి నూరవ కార్యక్రమం ఆకాశానికి లేచింది. 2013 ఫిబ్రవరి 25న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు వచ్చి ప్రయోగం చూశారు. 2014 జూన్ 30న, అధికారంలోకి వచ్చి నెల రోజులే అయిన ప్రధాని మోదీ గారు వచ్చారు. పరాయి దేశాల ఉపగ్రహాలు ఐదింటిని ఆ రోజు పైకి పంపారు. ప్రయోగం అయ్యాక ప్రధాని మాట్లాడుతూ, మన ఇరుగుపొరుగు దేశాలకు పనికొచ్చే ఉపగ్రహం ఒకటి చేసిపెట్టమని శాస్త్రజ్ఞులను కోరారు. మూడేళ్లకు, 2017 మే 5న, ఆ దక్షిణాసియా ఉపగ్రహం అదే శ్రీహరికోట నుంచి లేచింది. పెద్దలు వేదిక మీద చెప్పిన మాట నెరవేరిందని చెప్పుకోవడానికి ఒకటైనా ఉండటం సంతోషం.

ఎందుకంటే ఆ పక్కనే నెరవేరని మాట కూడా ఒకటి ఉన్నది. ఇందాక చెప్పిన దుగరాజపట్నం గుర్తుందా? 2014లో రాష్ట్రాన్ని విభజించిన చట్టంలోనే అక్కడ పెద్ద ఓడరేవు కడతామనీ, మొదటి దశ 2018 చివరికి ముగిస్తామనీ రాశారు. మూడు వందల తొంభై ఏళ్ల తరువాత మళ్లీ ఓడలు వస్తాయని ఆ తీరంలో ఆశపడినవారు ఆశపడ్డారు, రొయ్యలు పోతాయని భయపడినవారు భయపడ్డారు. రాకెట్ కేంద్రం దగ్గరగా ఉందన్న అభ్యంతరం, సరస్సు పాడవుతుందన్న అభ్యంతరం, లాభం రాదన్న లెక్క, ఇవన్నీ కలిసి 2018 గడిచిపోయింది. ఓడ రాలేదు. రాకపోవడమే మేలన్నవాళ్లతో నేను కొంతవరకు ఏకీభవిస్తాను. కాని చట్టంలో అచ్చువేసే ముందే ఆ లెక్కలు చూసి ఉండవలసింది.

అన్నిటిలోకి నాకు ఎక్కువగా గుర్తుండిపోయిన రాక 2019 జూలైలో రాష్ట్రపతి రాంనాథ్ కోవింద్ గారిది. జూలై 14న కొండకు పోయి వచ్చి, ఆ రాత్రికి శ్రీహరికోట చేరారు. చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు లేవవలసి ఉన్నది. ఆ ఏడాదే మామూలు జనం కూర్చుని చూడటానికి 5,000 మంది పట్టే గ్యాలరీ కట్టారు. అందులో పిల్లలను చంకనేసుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. దేశమంతా టీవీల ముందు మేలుకుని ఉన్నది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా గడియారం ఆగింది. సాంకేతిక లోపం కనబడిందనీ, ఆ రోజుకు ప్రయోగం లేదనీ చెప్పారు.

ఆలోచించండి. రాష్ట్రపతి వచ్చి కూర్చుని ఉన్నారు. ఇంత రాత్రివేళ అంత దూరం రప్పించి, ఉత్త చేతులతో ఎలా పంపుతాం అని మన ఊళ్లలో ఏ పంచాయతీ కచేరీలోనైనా అనుకోరా? ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని తడి ఆరని సిమెంటు మీద రిబ్బను కట్టిన ఊళ్లు మనకు తెలియనివి కావు. శ్రీహరికోటలో ఆ పని జరగలేదు. యంత్రం ముందు రాష్ట్రపతీ ఒకటే, గ్యాలరీలో కూర్చున్న సూళ్లూరుపేట బస్సు కండక్టరూ ఒకటే. రాష్ట్రపతి గారు చూడకుండానే వెళ్లారు. ఏడు రోజులకు, జూలై 22న మధ్యాహ్నం, చంద్రయాన్-2 చక్కగా లేచింది. నా మట్టుకు నేను, ఆ కేంద్రం గొప్పతనం లేచిన రోజున కంటే ఆగిన రాత్రే బాగా కనబడిందని అంటాను.

పెద్దల కంటబడని శ్రీహరికోట ఒకటి ఉన్నది. 2004 ఫిబ్రవరి 23న అక్కడి ఘన ఇంధనపు కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు పనివాళ్లు ప్రాణాలు విడిచారు. రాకెట్టు లేచినప్పుడు చప్పట్లు కొట్టే మనం ఆ ఇంధనాన్ని కలిపే చేతుల సంగతి తలుచుకునేది తక్కువ. అలాగే 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. మనకు వానగా వచ్చేది వాళ్లకు ఇల్లు లేచిపోవడంగా వస్తుంది.

ఇక సరస్సు ఒడ్డున ఉన్న బెస్తపల్లెల సంగతి. ప్రయోగం ఉన్న రోజుల్లో వాహనం పోయే దారి కింద సముద్రంలో పడవ ఉండకూడదు. ముందే దండోరా వేస్తారు, కావలి పడవలు తిరుగుతాయి. అది మనుషుల క్షేమం కోసమే, కాదనలేము. కాని ప్రయోగం వాయిదా పడితే? మరో తేదీ ఇస్తారు. మళ్లీ పడవ ఒడ్డునే. దేశానికి అది ఒక వాయిదా, వలవాడికి అది మరొక రోజు కూలి. కోవింద్ గారు వచ్చి వెళ్లిన రాత్రి లెక్కలో ఇది కూడా ఉన్నది. టీవీలో మాత్రం రాలేదు.

అంతకంటే పెద్ద సంగతి సరస్సు ముఖద్వారాలది. సముద్రపు నీరు లోపలికి వచ్చి పోతూ ఉంటేనే సరస్సు బతికి ఉంటుంది. ఆ పోటుతోనే రొయ్య పిల్లా చేప పిల్లా లోపలికి వస్తాయి. మన వైపున రాయదొరువు దగ్గరి ముఖద్వారం ఇసుక మేటతో పూడిపోయింది. పైగా దీవికి పోయే కట్ట రోడ్డు ఉత్తర భాగాన్ని దక్షిణ భాగం నుంచి వేరుచేసింది. నీటి రాకపోకలు తగ్గి ఉత్తరాన సరస్సు ఏటేటా ఎండుతున్నదని దాన్ని పరిశీలించినవారు ఎప్పటినుంచో చెబుతున్నారు. అంటే పెద్దలు హాయిగా కారులో పోయే ఆ అందమైన రోడ్డే, రెండు పక్కలా ఫోటోలు తీసుకునే ఆ రోడ్డే, సరస్సు గొంతు మీద కాలు వేసి ఉన్నది. మా ముఖద్వారం తవ్వించండి బాబూ అని అక్కడి పట్టపువారూ, యానాదులూ ఏళ్ల తరబడి అడుగుతున్నారు. సూళ్లూరుపేటలో చలికాలంలో పక్షుల పండుగ జరుగుతుంది. మంత్రులు వస్తారు, పాటలు, నాట్యాలు. ఆ వేదిక కింద కాగితం పట్టుకుని నిలబడే మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ఆ కాగితంలో ఉండే మొదటి మాట ముఖద్వారమే. అంచనాలు వేశామనీ, నిధులు వస్తున్నాయనీ వేదిక మీది నుంచి ఎన్నోసార్లు చెప్పారు. మేట తీయడం రాకెట్టు చేయడం కంటే కష్టమైన పని కాదని నేను అనుకుంటున్నాను. ఇంజనీరు బాబులు ఎవరైనా ఉంటే కాఫీ వేళప్పుడు నాతో వాదించవచ్చు.

మరొక ఊరి మాట కూడా చెప్పాలి. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు పోయే వాహనం నేరుగా దక్షిణానికి పోరాదు, కింద శ్రీలంక ఉన్నది. చుట్టు తిరిగి పోవాలి, ఇంధనం ఖర్చు. అందుకని చిన్న వాహనాల కోసం తమిళనాడులో తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో రెండో కేంద్రం కడుతున్నారు. 2024 ఫిబ్రవరి 28న ప్రధాని శంకుస్థాపన చేశారు. అదీ సముద్రపు ఒడ్డున మారుమూల ఊరే. ఇకమీదట అక్కడికీ పెద్దలు వస్తారు, అక్కడా సున్నం పడుతుంది. అక్కడి వలవాళ్లు శ్రీహరికోట వలవాళ్లను ఒకసారి కలిసి మాట్లాడుకుంటే బాగుండును.

శ్రీహరికోటలో పని తగ్గే సూచనేమీ లేదు. 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే లేచి చంద్రుడి మీద దిగింది. 2025 జనవరి 29న ఆ నేల మీది నుంచి నూరవ ప్రయోగం జరిగింది. మూడో ప్రయోగ వేదికకు ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

అయితే పెద్దలు అంటే ఎవరు? 2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహ వాహనం మొదటిసారి లేచినప్పుడు అందులో ఆజాదీశాట్ అనే బుల్లి ఉపగ్రహం ఉన్నది. దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు దాని భాగాలు కూర్చారు. వారిలో కొందరు దాన్ని చూడటానికి శ్రీహరికోటకు వచ్చారు. వాహనం లేచింది కాని ఉపగ్రహాలను నిలబడే కక్ష్యలో పెట్టలేకపోయింది. పిల్లల కష్టం వృథా అయిందనుకున్నారు. 2023 ఫిబ్రవరి 10న రెండో వాహనంలో వాళ్లదే రెండో ఆజాదీశాట్ వెళ్లి కక్ష్యలో కుదురుకున్నది. ఆ పిల్లల రాకకు ఏ వీధికీ సున్నం వేసి ఉండరు. కాని ఆ గ్యాలరీలో వాళ్లు కూర్చున్న చోటు కలాం గారు నిలబడిన చోటుకు చాలా దగ్గర అని నేను అనుకుంటాను.

మన యువజన సంఘంవారు పిల్లలను ఒకసారి శ్రీహరికోటకు తీసుకుపోవాలని అనుకుంటున్నట్లు విన్నాను. మంచి ఆలోచన. దానికి రెండు మూడు సంగతులు చెప్పి నా మాట ముగిస్తాను. గ్యాలరీలోకి ఊరికే పోనివ్వరు. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఇంటర్నెట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ఆ నమోదు త్వరగా నిండిపోతుంది గనుక, తేదీ ప్రకటించిన రోజునుంచే ఒకరు కనిపెట్టి ఉండాలి. వాయిదా పడవచ్చునని పిల్లలకు బస్సు ఎక్కేటప్పుడే చెప్పండి. వెలుగు ముందు కనబడుతుంది, చప్పుడు తరువాత వస్తుంది. కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున లెక్క కట్టమని చిన్నపిల్లలకు చెబితే తాము ఎంత దూరంలో ఉన్నారో వాళ్లే తేల్చుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు కట్ట రోడ్డు దిగిన తరువాత, సరస్సు ఒడ్డున పల్లె ఒకదాని దగ్గర బస్సు ఆపించండి. అన్నం పొట్లాలు నాలుగు ఎక్కువ కట్టించుకుని పొండి. వాళ్లతో కూర్చుని తిని, ఆ రోజు పడవ తీశారా లేదా అని అడగండి. ముఖద్వారం సంగతి వాళ్లే చెబుతారు. చెప్పింది రాసుకుని తెచ్చి బిషప్ గారి చేతికి ఇవ్వండి. వారు కలెక్టరు గారితో మాట్లాడగలరు, మన మాట కంటే వారి మాట దూరం పోతుంది.